మేరీస్ రాక్ సొరంగమున మసకబారిన దీపములు

వర్జీనియా రాష్ట్రమున లౌడన్ కౌంటీకి చెందిన ఆష్‌బర్న్, 1990వ దశకపు చివరినుండి అంతర్జాల సమాచారమును మోయు డేటా సెంటర్లకు నెలవై, నేడు ప్రపంచములోనే వాటి అతిపెద్ద సముదాయమునకు కేంద్రముగ పేరొందినది. కిటికీలు అరుదైన ఆ మహాభవనముల చెంతనే సబ్‌స్టేషన్లును, ఉక్కుస్తంభములపై బారులు తీరిన హైటెన్షన్ తీగలును కనబడగా, విద్యుచ్ఛాఖలో జీవితమంతయు గడపిన నాకు ఆ పరదేశమున ఆప్తులు ఎదురైనట్లు తోచెను. మా మేనల్లుడు ఆ ఊరనే ఉద్యోగి. అతడు కొనిన మోటారుసైకిలు సెకండ్ హ్యాండుది. దానికి పూర్వపు యజమాని, క్రాష్‌గార్డునకు ఇరుప్రక్కల, 35 వాట్ల హాలోజెన్ దీపములు రెండు అదనముగ బిగించియుండెను. అక్టోబరు మాసపు ఒక మధ్యాహ్నమున, షెనన్‌డోవా జాతీయవనమును చూడవలెనను కోరికతో, నేను వెనుక సీటున కూర్చుండగా ఇరువురము బయలుదేరితిమి.

ఏడవ నెంబరు రహదారిపై పడమరగా లీస్‌బర్గ్ దాటి, స్నికర్స్ గ్యాప్ అను కనుమలో బ్లూరిడ్జి పర్వతశ్రేణి నెక్కి దిగి, షెనన్‌డోవా నదిని దాటి, బెరీవిల్ నుండి దక్షిణముగ ఫ్రంట్ రాయల్ చేరితిమి. అచ్చటనే స్కైలైన్ డ్రైవ్ ఆరంభమగును. 1931లో పని మొదలై 1939 నాటికి పూర్తియైన ఈ మార్గము, పర్వతముల వెన్ను వెంబడి 105 మైళ్ళు సాగును. గంటకు 35 మైళ్ళకు మించి పోరాదు. ఆ నిదానమే దాని సౌభాగ్యము. ఎడమప్రక్క పీడ్‌మాంట్ పీఠభూమి, కుడిప్రక్క షెనన్‌డోవా లోయ, నడుమ ఎఱ్ఱవారిన మేపుల్ ఆకుల వనములు! అయితే ప్రొద్దు గ్రుంకువేళకు లేళ్ళు మేతకై బాట అంచులకు వచ్చును. హెడ్‌లైటు వెలుగు సూటిగా ముందునకే పోవును గాని మలుపునందలి పొదమాటున నిలిచిన లేడిని చూపజాలదు. బాటకు ఇరుదరులను వెలిగించు అదనపు దీపముల ప్రయోజనము అట్టిచోటనే తెలియును.

దారిలో గతుకు తగిలినపుడెల్ల ఆ దీపములు రెప్పవాల్చుచుండుట ముందువాహనముల వెనుకభాగములపై నేను గమనించుచునే యుంటిని. థార్న్‌టన్ గ్యాప్ దాటిన పిమ్మట, 1932లో కొండను తొలిచి నిర్మించిన మేరీస్ రాక్ సొరంగము వచ్చెను. 600 అడుగులకు పైబడిన ఆ చీకటిలో హెడ్‌లైటు చక్కగనే వెలుగుచుండగా, అదనపు దీపములు మాత్రము పసుపుపచ్చనై కొడిగట్టెను. సొరంగము దాటిన వెంటనే వాహనములు నిలుపు స్థలమున ఆగితిమి.

"ఫ్యూజు పోయినట్టుంది, మామయ్యా," అనెను మేనల్లుడు.

"ఫ్యూజు పోతే పూర్తిగా ఆరిపోవాలిరా. ఇవి వెలుగుతూనే ఉన్నాయి, వోల్టేజి అందడం లేదంతే. మల్టీమీటరు ఇలా ఇయ్యి."

మొదట, ఇంజను నడచుచుండగా దీపములు వేసి బ్యాటరీని పరీక్షించితిని: 14.1 వోల్టులు. ఛార్జింగు దోషము లేదని తేలెను. మోటారుసైకిలు ఆల్టర్నేటరు శక్తి పరిమితము గనుక, దీపములు వేసినంతనే ఈ అంకె 12.6 కంటె దిగువకు జాఱి, ఇంజను వేగము పెంచినను కోలుకొననిచో, ఆ బండి అంత భారము మోయలేదని గ్రహింపవలెను. పిమ్మట, స్విచ్చి వేయగానే దీపములకు కరెంటు నందించు రిలే టక్కుమనెను. దాని 30వ పిన్నునకు బ్యాటరీ తీగ, 87వ దానినుండి దీపములకు తీగ, 85, 86 పిన్నుల నడుమ కాయిలు, అంతయు సవ్యముగనే యుండెను.

తదుపరి దీపమువద్ద కొలువవలెను. ఇచ్చటనే పలువురు మోసపోవుదురు. దీపపు ప్లగ్గును ఊడదీసి కొలిచినచో మీటరు నిండు వోల్టేజినే చూపును. ఏలయన కరెంటు పారనిదే తీగలోని నిరోధము వోల్టేజిని హరింపదు. అందుచేత దీపము వెలుగుచుండగనే ప్లగ్గు వెనుకనుండి మీటరు మొనలు గ్రుచ్చి చూచితిని: 9.6. పదింట ఒకవంతు వోల్టేజి తగ్గిననే హాలోజెన్ వెలుగు దాదాపు మూడింట ఒకవంతు తగ్గును. ఇచ్చట ఏకముగ నాలుగున్నర వోల్టులు మాయమైనవి! అవి ఎచ్చట పోయెను? బ్యాటరీ ప్లస్సునుండి దీపపు ప్లస్సువఱకు కొలువగా 0.3 మాత్రమే. దీపపు మైనస్సునుండి బ్యాటరీ మైనస్సువఱకు కొలువగా 4.2. లెక్క పైసాతో సహా సరిపోయెను. పోవుదారి నిర్దోషము, దోషమంతయు మరలివచ్చు దారిలోనిది.

ఎర్తు తీగను వ్రేలితో పట్టుకొని పోగా, దాని కొసనున్న లోహపు లగ్గు క్రాష్‌గార్డు బ్రాకెట్టుపై, రంగు గీకకుండగనే, ఒక బోల్టు క్రింద బిగింపబడియుండెను. బోల్టు చుట్టును త్రుప్పు. తాకినచో వేడి, అయిదు ఆంపియర్ల ప్రవాహమున 4.2 వోల్టులు పోవుచున్నచో సుమారు 20 వాట్లు అచ్చటనే వేడియై వ్యయమగుచుండెను గదా! దీపమును, స్విచ్చిని, రిలేను శ్రద్ధగ నెంచుకొనువారు సైతము ఎర్తును ఏదో ఒక ఇనుపముక్కకు అంటించి తృప్తిపడుట నా వృత్తిలో తరచుగ చూచితిని. ప్లస్సు తీగకు ఎంత మర్యాదయో మైనస్సు తీగకును అంతే మర్యాద చేయవలెనని నా దృఢవిశ్వాసము. ఎల్.ఇ.డి. దీపములైనను ఈ విషయమున మినహాయింపు లేదు. అవి మసకబారుటకు మాఱు మినుకుమినుకుమనును.

చాకుతో రంగును గీకి, లోహము మెఱయునట్లు చేసి, లగ్గును శుభ్రపఱచి మరల బిగించితిమి. నష్టము 4.2 నుండి 0.6కు దిగెను, ఆ రాత్రికి చాలును. తిరిగి సొరంగములో దూరి, థార్న్‌టన్ గ్యాప్ వద్ద దిగి, లూరే పట్టణపు దారి పట్టితిమి. ఎదురుగ వాహనము వచ్చినపుడెల్ల మేనల్లుడు ఆ దీపములను ఆర్పుచు, అది దాటగనే వేయుచు వచ్చెను. ఒక మలుపున, కుడిదరి గడ్డిలో, మూడు లేళ్ళు తలలెత్తి నిలిచియుండుట ఇరువురము ఒక్కమాఱే చూచితిమి. అతడు బండి నెమ్మదించెను, అవి బాట దాటిపోయెను.

మఱునాటి ఉదయమున, 1878లో బయల్పడిన లూరే గుహలను చూచుటకు ముందే, అచ్చటి హార్డువేరు దుకాణమున దళసరి రాగితీగయు కొత్త లగ్గులును కొని, దీపముల మైనస్సును బాడీతో పనిలేకుండ నేరుగ బ్యాటరీవఱకు తెచ్చి, హ్యాండిలు మలపునపుడు తీగ ఒరయకుండ స్లీవు తొడిగితిమి. మీటరు 0.1 చూపెను.