ముందుపళ్ళు రెండు

పళ్ళు ఊడితే ఇంప్లాంట్లు పెట్టించుకోవడమేగా అంటారు అందరూ. మా చిన్నదానికి అది నాలుగేళ్ళు పట్టింది.

పదో తరగతిలో ఉండగా ట్యూషన్ నుంచి వాళ్ళ నాన్న బండి మీద వస్తుంటే కుక్క అడ్డం వచ్చింది. పెదవికి కుట్లు పడ్డాయి, పైదవడ ఎముక చిట్లింది, ముందుపళ్ళు రెండూ పోయాయి. ఊడిన పన్ను చెక్కుచెదరకుండా దొరికితే పాలలో వేసుకుని వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెడితే మళ్ళీ అమర్చే వీలుంటుందండీ. మావాళ్ళు సెల్‌ఫోన్ లైట్లతో రోడ్డంతా వెతికారు. దొరికినవి ముక్కలే.

గాయం మానగానే పెట్టించేద్దామని మేము చిట్టీ కూడా పాడుకున్నాం. డాక్టరుగారు ససేమిరా అన్నారు. ఆ వయసులో దవడ ఇంకా ఎదుగుతూ ఉంటుంది. సొంత పళ్ళు దాంతోపాటు కిందికి జరుగుతాయి. టైటానియం స్క్రూ మాత్రం ఎముకకి అతుక్కుపోయి ఉన్నచోటే ఉంటుంది. కొన్నేళ్ళకి ఆ రెండు పళ్ళే పొట్టిగా, పైకి ఎక్కినట్టు కనిపిస్తాయిట.

అందాకా తీసి పెట్టుకునే పళ్ళే. రాత్రి గిన్నెలో నీళ్ళు పోసి అందులో వేసేది. జామకాయైనా, మొక్కజొన్న పొత్తైనా నేను కోసో, ఒలిచో ఇవ్వాలి. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం అప్పుడే అలవాటైంది. ఒక పెళ్ళికి వెళ్తే బంధువులావిడ నా చెవిలో, "ఆడపిల్ల కదా, రేపు సంబంధాలప్పుడు ఈ మాట ఎత్తకండి" అంది. చెవిలో అంటే, పక్క గదికి వినపడేంత గట్టిగా! "నేనేమైనా దొంగతనం చేశానా అమ్మా?" అంది మా పిల్ల. మర్నాడు పొద్దున్నే ఆవిడ ఎదురుగానే పళ్ళు తీసి, తీరుబడిగా కడిగి పెట్టుకుంది. నేను ఆపలేదు.

ఏటా ఎక్స్‌రేలు తీసి, ఎదుగుదల ఆగిందని తేల్చుకుని, పంతొమ్మిదో ఏట మొదలుపెట్టారు. పన్ను లేని చోట ఎముక అరిగిపోతుంది కాబట్టి ముందు ఎముక పొడి వేశారు. అది గట్టిపడ్డాక స్క్రూలు. ఎముక వాటిని పట్టుకునేదాకా మళ్ళీ నాలుగు నెలలు. 1952లో స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే ఆయన కుందేలు కాలి ఎముకలో పెట్టిన టైటానియం పరికరాన్ని తీయబోతే ఊడి రాలేదట. అలా బయటపడిందీ సంగతి. 1965లో మొదటిసారి మనిషికి పెట్టారు. ఇవన్నీ అదే చదివి నాకు చెప్పింది, కూర తరుగుతూ.

పళ్ళు పెట్టి ఎనిమిది నెలలైంది. నవ్వితే చెయ్యి ఇంకా అడ్డం వెళ్తూనే ఉంది. మొన్న జామకాయ కొయ్యబోతుంటే మాత్రం చాకు పట్టుకున్న నా చెయ్యి ఆపి, కాయ లాక్కుపోయింది.