తొట్టిలోని నిమ్మ



మావారు ఉపాధ్యాయులు. బదిలీ ఉత్తరువు వచ్చినప్పుడెల్ల మాకు ఇల్లు మారును. నేలలో నాటినది పరులపాలగును. అందుచేత పరిగికి వచ్చిన యేడు నేను నిమ్మయంటును మట్టితొట్టిలోనే పెట్టితిని. గింజమొక్క కాపునకు వచ్చుటకు నాలుగైదేండ్లు పట్టును. అంటు త్వరగా కాయును.

నా చెల్లెలు కెనడాదేశమున టొరంటో నగరమునందున్నది. నిరుడు మా అమ్మ కాలము చేసినపిదప, పుట్టింటి పెరటి నిమ్మను మరువలేక, అదియు నొక మేయరు నిమ్మను తొట్టిలో పెంచసాగినది. ఫ్రాంక్ మేయర్ అనునాతడు 1908లో చీనాదేశమునుండి అమెరికాకు తెచ్చిన రకమది. మంచు పడకమునుపే దానిని లోపలికి చేర్చి, ఎండ తగులు కిటికీకడ గచ్చుపై నుంచి, ప్రతిదినము నీరు పోసినదట. సంక్రాంతినాటికి ఆకులన్నియు రాలినవి. "అక్కా, అమ్మ గురుతును నా చేతులారా చంపుకొంటిని" అని ఫోనులో నేడ్చినది.

నాకు వెంటనే కారణము తోచలేదు. అనంతగిరి కొండలకు చేరువనున్న మా పరిగిలోను పుష్యమాసపు రాత్రులు ఒక్కొక్కప్పుడు 10 డిగ్రీల దరికి దిగును. ఐనను నా మొక్క ఆకు రాల్చలేదు గదా! తోటపనిని గూర్చిన పుస్తకములు చూడగా సంగతి తెలిసినది. మన్ను 13 డిగ్రీలకు లోబడినచో నిమ్మవేరు నీరు పీల్చుట మిక్కిలి తగ్గును. కిటికీ యెండకు ఆకు వేడెక్కి నీరు కోరును. చల్లబడిన వేరు ఈయజాలదు. అందుచే ఆకు రాలును. దప్పికయని తలచి మనము మరింత పోయుదుము, వేరు కుళ్లును. ఇచ్చటనో, పగటియెండ నా తొట్టిమన్నును గూడ వెచ్చచేయుచున్నది.

"గోటితో బెరడు గీకి చూడుము" అంటిని. లోపల పచ్చగానే యున్నదట. తొట్టిని పీటపై కెత్తి, పైమన్ను రెండంగుళములు ఆరినపిదపనే గోరువెచ్చని నీరు పోయుమని చెప్పితిని. అడుగు రంధ్రము పూడకుండ చూచుకొమ్మంటిని. ఉగాదినాటికి చిగిర్చినది! ఆకు నలిపి వాసన చూచి మరల ఏడ్చినదట; కాని ఆ యేడుపు వేరు.

ప్రేమచే పోసిన నీరైనను వేరు త్రాగగలిగినంతయే మేలు. మొక్కకైనను బిడ్డకైనను ఇది చెల్లును.

మొన్న మావారికి బదిలీ మాట మరల వినవచ్చినది. ఈ మారు నాకు బెంగ లేదు. బండిలో మొదట నెక్కునది నా నిమ్మతొట్టియే.