'అమాయక' అనే విశేషణం మనకొద్దు

ఇంగ్లిష్ వార్తల్లో కొన్ని మాటలు ఎప్పుడూ జంటగానే వస్తాయి. బాంబు పడితే చనిపోయింది 'ఇన్నోసెంట్ సివిలియన్స్'. వీధిలో ఎవరో ఎవరినో కాలిస్తే మధ్యలో పోయినవాడు 'ఇన్నోసెంట్ బైస్టాండర్'. యుద్ధమైతే 'విమెన్ అండ్ చిల్డ్రన్'. పోలీసు కాల్చిన నల్లజాతి యువకుడు 'అనార్మ్‌డ్'. అన్నీ సానుభూతితో అనే మాటలే. కానీ ఆ సానుభూతి ఎవరికి దక్కాలో, ఎవరికి దక్కకూడదో కూడా అవే తేలుస్తాయి.

'సివిలియన్' అంటేనే సైనికుడు కాని మనిషి. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి ప్రోటోకాల్ ప్రకారం, నేరుగా పోరాటంలో పాల్గొననంత కాలం అతని మీద దాడి చేయకూడదు. తాగుబోతైనా, తగాదాకోరైనా చేయకూడదు. మరి ముందు 'ఇన్నోసెంట్' ఎందుకు? ఆ మాట తగిలించగానే పక్కన ఇంకోరకం సివిలియన్ పుడతాడు: అంత ఇన్నోసెంట్ కానివాడు. వాడు చస్తే అడిగే నోరు తగ్గిపోతుంది.

సింథియా ఎన్లో అనే స్త్రీవాద పండితురాలు 1990లో, గల్ఫ్ సంక్షోభం నడుస్తున్నప్పుడు, 'విమెన్ అండ్ చిల్డ్రన్'ని ఖాళీ లేకుండా ఒకే మాటగా కలిపి రాసింది. ఆ జంటలో ఆడవాళ్ళు పిల్లల లెక్కలోకి పోయారని ఎత్తిచూపడానికే.

2014 ఆగస్టు 9న అమెరికాలోని ఫెర్గూసన్‌లో 18 ఏళ్ళ మైకేల్ బ్రౌన్‌ని పోలీసు అధికారి కాల్చి చంపాడు. పిల్లవాడి దగ్గర ఆయుధం లేదు. అంత్యక్రియల రోజు న్యూయార్క్ టైమ్స్ అతని గురించి రాస్తూ 'నో ఏంజెల్' అంది. దేవదూతేమీ కాదట! జనం తిట్టిపోశారు, ఆ పత్రిక పబ్లిక్ ఎడిటరే తప్పుపట్టింది. చంపినవాడి మీద విచారణ జరగకముందే చచ్చినవాడి మీద విచారణ మొదలైపోయింది.

ఈ 'ఇన్నోసెంట్' తెలుగులోకి వచ్చేసరికి రెండు ముక్కలవుతుంది. కోర్టులో 'నిర్దోషి', బయట 'అమాయకుడు'. నిర్దోషి అంటే తప్పు చేయనివాడు. అమాయకుడు అంటే చాలాసార్లు లోకం తెలియనివాడు. "మిమ్మల్ని అమాయకులంటే సంతోషమేనా?" అని క్లాసులో అడిగితే పిల్లలు నవ్వేశారు. "అంటే మాకేం తెలీదనా సార్?" అన్నారు.

ఇందులో మనకు దక్కింది ఏ ముక్క? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. నిందితులు 'నిర్దోషులు' అయ్యారు. చచ్చిపోయిన మనవాళ్ళు మాత్రం 'అమాయక దళితులు'గానే మిగిలారు. చట్టం మాట వాళ్ళకి, జాలి మాట మనకి.

నిజానికి చుండూరు దళితులు లోకం తెలియనివాళ్ళా? చనిపోయినవాళ్ళను ఊరి నడుమ పూడ్చి ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. విచారణ తమ ఊళ్ళోనే జరగాలని పట్టుబట్టి సాధించుకున్నారు. 1985లో కారంచేడులో మున్నంగి సువార్త, తాగేనీళ్ళ చెరువు దగ్గర తన మీదికొచ్చినవాళ్ళకి ఎదురుగా బిందె ఎత్తింది. బిందె ఆయుధం అవునో కాదో తేలాకే ఆమె పక్షాన నిలబడాలా?

1989 అత్యాచారాల నిరోధక చట్టం బాధితుడు మంచివాడా, నోరున్నవాడా అని అడగదు. జరిగింది నేరమా కాదా అనే అడుగుతుంది. చట్టం అడగని సర్టిఫికెట్ మనమెందుకు చూపించాలి?

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, రేపు కరపత్రం రాసేటప్పుడు 'అమాయక' అని పడితే కొట్టేయండి. ఆ చోట మనిషి పేరు రాయండి. ఊరు రాయండి. కేసు ఏ సెక్షన్ కింద పెట్టారో, పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో రాయండి.

జై భీమ్.