లక్ష్మీబాయి తిలక్ వంటిల్లు

నాసిక్ సమీపాన ఉన్న జలాల్‌పూర్‌లో 1868లో గోఖలేల ఇంట జన్మించిన మనకర్ణిక బాల్యం నీళ్ల తడిలోనే గడిచిందనాలి. తండ్రి మడి పట్టింపు అంతటిది. అంగడి నుంచి వచ్చిన సరుకు ఏదైనా, చివరకు ఉప్పు సైతం, నీళ్లు తగిలితే గాని గడప దాటి లోపలికి రాకూడదు. ఉప్పును కడిగితే మిగిలేదేమిటని అడిగే సాహసం ఆ ఇంట ఎవరికీ కలిగినట్లు లేదు. అటువంటి ఇంటి ఆడపడుచు ముప్పై రెండేళ్లకు క్రైస్తవ గృహిణి అయింది. చరిత్ర గ్రంథాలు ఇటువంటి సంగతులను ‘మతాంతరీకరణ’ అన్న ఒక్క మాటతో ముగిస్తాయి. ఆమెకు మాత్రం అది ఏళ్ల తరబడి, అందునా వంటింట్లో, సాగిన పోరాటం.

పదకొండవ యేట ఆమెను నారాయణ వామన తిలక్‌కు ఇచ్చి వివాహం చేశారు. మెట్టినింట ఆమె లక్ష్మి అయింది. భర్త కవి, పండితుడు, దయాళువు; నిలకడ మాత్రం లేదు. ఉద్యోగం ఒకచోట కుదురుకునేలోగా మనసు మరొకచోటికి పోయేది. చేతిలోని రూపాయి అడిగినవారిది. ఇంట పొయ్యి వెలిగించే భారం ఎవరిదో వేరుగా చెప్పనక్కరలేదు. బడి ముఖం ఎరుగని ఆమెకు అక్షరాలు నేర్పినది ఆయనే. గురువుకు ఓర్పు తక్కువ కావడంతో ఆ చదువూ అంతంతమాత్రంగానే సాగింది.

1895 ఫిబ్రవరి 10న తిలక్ బొంబాయిలో బాప్తిస్మం తీసుకున్నారు. భార్యకు ముందుగా చెప్పలేదు. కుమారుడు దత్తు అప్పటికి పసివాడు. ఆనాటి సమాజంలో ఆమె స్థితిని ఊహించాలి: భర్త సజీవుడు గనుక వితంతువు కాదు, ఆయన కులభ్రష్టుడు గనుక కాపురానికి పోరాదు. ఆమె బంధువుల పంచన, పండరిపురం వంటి చోట్ల సుమారు ఐదేళ్లు గడిపింది. తిలక్ మహానుభావుడే కావచ్చు. ఆ ఐదేళ్ల మూల్యం మాత్రం చెల్లించినది ఆయన ఒక్కరే కాదు.

చివరకు ఆమె అహమద్‌నగర్‌లో భర్త చెంతకు చేరింది. అయినా తొలినాళ్లలో వంట వేరు, మంచినీళ్లు వేరు. ఆయన బలవంతం చేయలేదు. ఇక్కడే ఆమె జీవితంలోని అసలు ఘట్టం ఉంది. ఈ అంటు, ఈ ఎక్కువ తక్కువలు దేవుడు చేసినవా, మనిషి చేసినవా అన్న ప్రశ్న ఆమెను పట్టుకుంది. మనిషివేనని తేల్చుకున్న తరువాత ఎవరింటి నీళ్లయినా పుచ్చుకోసాగింది. మొదట విడిచినది మడిని. క్రీస్తును స్వీకరించినది ఆ తరువాత, 1900లో. ఏ బోధకుని వాగ్ధాటికీ లొంగని మనసు తన ప్రశ్నకు తానే సమాధానం వెదుక్కొని మారడం గమనార్హం.

అటుపిమ్మట ఆ ఇంటికి తలుపులు లేవనే చెప్పాలి. అనాథలైన పిల్లలెందరో అక్కడ అన్నం తిన్నారు. మరాఠీ కవితలో ప్రకృతి గాయకుడిగా పేరొందిన బాలకవి ఠోంబరే కూడా యౌవనంలో ఆ ఇంట కొడుకు వలె మసలినవాడే. 1918లో రైలు ప్రమాదంలో మరణించాడు. పిల్లలకు తలంటడం, సరుకులకు తడుముకోవడం, భర్తతో వాదులాట, ప్రార్థన — అన్నీ ఆమెకు ఒకే దినచర్యలోని భాగాలు. భక్తురాలన్న మాట వినగానే మన మనసులో మెదిలే మౌనమూర్తి కాదామె. గట్టిగా నవ్వేది, గట్టిగా కోప్పడేది. తెలుగు పాఠకులకు ఇక్కడ కందుకూరి రాజ్యలక్ష్మమ్మ గుర్తుకు రావచ్చు. 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిగినప్పుడు వంటవారు, నీళ్లవారు దూరం కాగా గోదావరి నుంచి బిందె మోసినది ఆమెయే. అయితే రాజ్యలక్ష్మమ్మను మనం భర్త రచనల ద్వారానే ఎక్కువగా ఎరుగుదుము. లక్ష్మీబాయి తన కథ తానే చెప్పుకున్నది.

1919 మే 9న తిలక్ కన్నుమూశారు. ఆయన రచిస్తున్న ‘ఖ్రిస్తాయన’ మహాకావ్యం తొలి అధ్యాయాల వద్దే ఆగిపోయింది. బతుకుతెరువుకై ఆమె బొంబాయిలో బాలికల వసతిగృహం చూసుకున్నది. కొంతకాలం కరాచీలోనూ ఉన్నది. ఈ తిరుగుళ్ల నడుమనే కావ్యాన్ని చేపట్టి, అందులోని అత్యధిక భాగాన్ని తానే రచించి పూర్తి చేసింది. అంతంతమాత్రపు చదువు గల గృహిణి ఓవీ ఛందస్సులో క్రీస్తు జీవితాన్ని చెప్పగలగడం వింతగా తోచవచ్చు. తిరగలి ముందు కూర్చున్న మరాఠీ స్త్రీలు పాడుకునేది ఓవీలే.

ఆమె ఆత్మకథ ‘స్మృతిచిత్రే’ తొలి భాగం 1934లో వెలువడింది. 1936 ఫిబ్రవరిలో ఆమె మరణించేనాటికి రచన ముగియలేదు; చివరి భాగాన్ని కుమారుడు దేవదత్తుడు, ఆ నాటి దత్తు, పూర్తి చేశాడు. భర్త వదిలిన కావ్యాన్ని ఆమె, ఆమె వదిలిన కథను కొడుకు! శాంతా గోఖలే చేసిన ఆంగ్లానువాదం 2017లో వచ్చింది. ఆ పుస్తకంలో తన కష్టాలను చెప్పేచోట కూడా ఆమె పాఠకుని నవ్విస్తుంది. తండ్రి ఇంట కడిగిన సరుకుల ముచ్చట్లు చెప్పేటప్పుడు మరీను.