కంబం పందిళ్ల కింద

కంబం అనగానే మనకు గుర్తొచ్చేది నల్లమల అంచున గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన చెరువు. తమిళనాడులోని తేని జిల్లాలోనూ ఒక కంబం ఉంది. పడమటి కనుమల కింద పరుచుకున్న లోయదీ, అక్కడ పండే ద్రాక్షదీ, కొండెక్కితే కేరళ సరిహద్దులో వచ్చే కంబంమెట్టుదీ ఆ పేరే.

మేం వెళ్లిన తోటలో నడుం వంచి నడవాల్సి వచ్చింది. రాతి కంబాలు, వాటిమీద తీగెల అల్లిక, తలకు తగులుతూ నల్లటి గుత్తులు. కంబమంటే తెలుగులో స్తంభమేగా! ఆ మాట అనగానే రైతు నవ్వారు. "ఇంట్లో మాట్లాడేది తెలుగేనయ్యా. చదివేది, రాసేది అరవం" అన్నారు.

ఒకప్పుడు ఇదంతా మధుర జిల్లా. విజయనగర, మధుర నాయకుల కాలంలో దక్షిణానికి వచ్చిన కమ్మవారు, కంబళ నాయకులు ఈ పల్లెల్లో స్థిరపడ్డారు. బడిలో అక్షరం దొరకని భాషను ఇన్ని తరాలు నోటిమీదే నిలుపుకోవడం చిన్న విషయం కాదు.

ద్రాక్ష కూడా వలస వచ్చిందే. 1832లో ఒక ఫ్రెంచి పాదరీ తెచ్చాడని చెబుతారు. దీన్ని పన్నీరు ద్రాక్ష అంటారు. శాస్త్రవేత్తల లెక్కలో మస్కట్ హాంబర్గ్. గింజ ఉంటుంది, తొక్క తీస్తే గులాబీ వాసన. తినడానికే కాదు, రసానికీ వైన్‌కూ పనికొస్తుంది. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. మిగతా చోట్ల ద్రాక్ష ఎక్కువగా జనవరి నుంచి ఏప్రిల్ దాకానే. ఇక్కడ ఏడాది పొడుగునా ఏదో ఒక తోట కోతలో ఉంటుంది. కత్తిరింపు వేళ చూసి చేస్తే రెండేళ్లకు ఐదు పంటలు తీయవచ్చు.

దానికి నీరు కావాలి. పడమటికి పోయే పెరియార్‌ను ముల్లపెరియార్ దగ్గర ఆపి, కొండలో సొరంగం తొలిచి, 1895లో తూర్పుకు తిప్పారు. ఆ పని చేయించిన ఇంజనీరు పెన్నీక్విక్ పుట్టినరోజు జనవరి 15న ఈ లోయలో ఇప్పటికీ పొంగలి పెడతారు.

శబరిమలకు మధుర, కుమిలి మీదుగా వెళ్లే మన స్వాములు ఈ దారినే పోతారు. ఈసారి కంబంలో ఒక్క గంట ఆగండి. ద్రాక్ష కొనేటప్పుడు ధర తెలుగులో అడిగి చూడండి.