మావాడి కంప్యూటరు

మా కంచన్‌బాగ్‌లో భారత్ డైనమిక్స్ వారు క్షిపణులు చేస్తారు, మిధాని వారు మిశ్రలోహాలు తయారుచేస్తారు. వాటి నీడన బతికే చిన్న గుమాస్తాను నేను. మావాడు ఆటల కంప్యూటరుకని రాసుకొచ్చిన విడిభాగాల జాబితా చూసి నోరు తెరిచాను.

చేతిలో ఉన్నది 60,000 రూపాయలు. మా ఆవిడ గాజులకోసం కట్టిన చీటీ డబ్బు. "ఇంటరు ఫస్టుక్లాసులో ప్యాసయితే కొనిస్తానన్నాను. మాటంటే మాటేనండీ!" అంది.

సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు కొట్లు తిరిగేసరికి నాకూ కొంత జ్ఞానోదయమయింది. ఆటకు ప్రాణం గ్రాఫిక్స్ కార్డు. సొమ్ములో పెద్దవాటా దానిదే. ఫోర్-కె తెరమీద చుక్కలు ఫుల్ హెచ్‌డీకి నాలుగింతలు. అన్ని చుక్కల్నీ సెకనుకు 60 సార్లు గీయాలంటే మా కార్డు తరమా? చిన్న తెరే చాలనుకున్నాం. 16 జీబీ ర్యామ్ ఒకే ముక్కగా కాక, 8 చొప్పున రెండు తీసుకున్నాం. పని చురుగ్గా సాగుతుందట.

చివరికి నాలుగువేలు తక్కువపడ్డాయి. రంగుదీపాల అద్దాల పెట్టె వదల్లేక, "పవర్ సప్లై చౌకది తీసుకుందాం నాన్నా" అన్నాడు. నేను ససేమిరా అన్నాను. 1998లో చౌక స్టెబిలైజరు కొని కొత్త టీవీ కాల్చుకున్నవాణ్ణి మరి! వాడు కాసేపు ఆ పెట్టెకేసి చూసి, "మామూలు రేకుపెట్టె ఇవ్వండి" అన్నాడు.

రాత్రి అన్నీ బిగించి మీట నొక్కాడు. తెర వెలిగింది.

"లోపలేముందో కనపడదేంరా?" అంది మా ఆవిడ.

"నీ గాజులమ్మా" అన్నాడు వాడు.