చెంబు చెప్పిన జవాబు

ముగ్గు వెయ్యడం వచ్చినవాళ్ళకి చిహ్నం గీయడం సగం వచ్చినట్టే. మిగతా సగం నా బతుకుతెరువు. ఈమధ్య ఒక విశ్వవిద్యాలయం వారి డిజైన్ కళాశాలకి చిహ్నమూ, ప్రవేశాల కరపత్రమూ చేసిపెట్టాను.

చిహ్నానిదేముంది! బొట్టుబిళ్ళంత వేసినా, గేటు మీద గుమ్మడికాయంత వేసినా, నలుపులో అచ్చేసినా పోలిక చెడకూడదు, అంతే. చిక్కంతా కరపత్రంతోనే. అద్దాలమేడ, కంప్యూటర్ల ముందు నవ్వే పిల్లలు, అంతా ఇంగ్లీషు... ఇదీ వారి కోరిక. పిల్ల మురిసిపోతుంది, సరే. "బొమ్మలు గీస్తే కూడు పెడతాయా?" అని అడిగే తల్లికి అద్దాలమేడ ఏం జవాబు చెబుతుందండీ?

నేను చెంబు బొమ్మ వేశాను. 1958లో ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వానికిచ్చిన నివేదికలో, ఇక్కడ చూసిన వస్తువులన్నిట్లోకీ బహుశా ఇదే గొప్పదని మెచ్చుకున్నది చెంబునే! ఎన్ని నీళ్ళు పట్టాలి, చంకలో ఎలా ఇమడాలి, తోమడానికి వీలేనా, ఖరీదెంత... ఇవన్నీ ఆలోచించడమే డిజైన్ అన్నారు. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది.

చెంబు కింద ఫీజు, హాస్టలు, చదివాక దొరికే పనులు తెలుగులో రాశాను. "హుందాగా లేదేమో" అని నసిగారు.

"హుందాతనం కాలేజీకి కావాలి. కూతుర్ని పంపే తల్లికి కావలసింది నమ్మకం" అన్నాను.

ఆ పేజీ ఉంచారు.